పైసలు కట్టి ఉరుకుడు

ఐదు కిలోమీటర్ల రన్ అనే కార్యక్రమంలో లోపం ఎక్కడుందో కనిపెట్టాను. టీషర్ట్ బాగుంది. మెడల్ బాగుంది. స్టేజీ, డీజే, బెలూన్లు, ముఖ్య అతిథి, శాలువా, ఉప్మా, దేనికీ వంక పెట్టలేం. మధ్యలో ఒక్క ఉరుకుడే అనవసరంగా ఇరికించారు. అది తీసేస్తే ఇంతకంటే చక్కటి కార్యక్రమం ఉమ్మడి వరంగల్ జిల్లాలో మరొకటి ఉండదు. బద్ధకంతో అంటున్న మాట కాదిది. స్వయంగా పాల్గొని, 41 నిమిషాల పాటు క్షేత్రస్థాయిలో పరిశీలించి, ఆ తర్వాత రెండు రోజులు గోడ పట్టుకుని మెట్లు దిగుతూ ఆలోచించి అంటున్నాను.

మా అమ్మ ఇంత పరిశోధన లేకుండానే తేల్చేసింది. నేను ఫోన్‌లో 499 రూపాయలు కడుతుంటే చూసి ఏందిరా అదని అడిగింది. చెప్పాను.

"పైసలు కట్టేది నువ్వే, ఉరికేది గూడ నువ్వేనా?"

రెండూ నేనేనన్నాను.

"ఎనకనుంచి ఎవలన్న తరుముతరా?"

ఎవరూ తరమరన్నాను. ఇంకేమీ అడగకుండా చిక్కుడుకాయలు తుంచుకుంటూ కూర్చుంది. సాయంత్రం మా చిన్నమ్మకు ఫోన్ చేసి, "వీనికి ఆఫీసుల ఏమన్న టెన్షన్లున్నయేమోనే" అనడం నా చెవిన పడింది.

టెన్షన్ ఆఫీసుది కాదు, షుగర్ రిపోర్టుది. డాక్టర్ నడవమన్నాడు. నడిస్తే మెడల్ ఇవ్వరు కాబట్టి నేను పరుగును ఎంచుకున్నాను.

ముందు పేరు సంగతి. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన దూరమది, 1921లో అదే ఖాయం చేశారు. మనవాళ్లకు అంత మొండితనం లేదు. ఐదు కిలోమీటర్లైనా మారథానే, రెండైతే మినీ మారథాన్. ఆఫీసులో నేను కూడా ఆదివారం మారథాన్ ఉందనే చెప్పాను. ఎన్ని కిలోమీటర్లని ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని రెండుసార్లు చాయ్‌కి లేచాను.

శనివారం సాయంత్రం కిట్ ఇచ్చారు. ఎల్ సైజు రాస్తే ఎం సైజు చేతిలో పెట్టి, "సాగుతది సార్" అన్నారు. దాంతోపాటు బిబ్, నాలుగు పిన్నీసులు. బిబ్ అంటే ఛాతీకి పెట్టుకునే నంబరు కాగితం. వెనకవైపు సన్నటి చిప్పు అతికించి ఉంటుంది, మడత పెడితే టైము రాదట. దాన్ని తిన్నగా పెట్టడానికి నాకు అరగంట పట్టింది. టీషర్ట్ వేసుకుని గుచ్చితే ఒక పక్కకు వాలుతోంది. విప్పి గుచ్చి మళ్లీ వేసుకుంటే పొట్ట దగ్గర కాగితం విల్లులా వంగుతోంది. చివరికి ఒక ఉపాయం తోచింది. పాత దిండు ఒకటి టీషర్ట్‌లో దూర్చి, అటూ ఇటూ సర్ది, నా పొట్టంత ఎత్తు చేసి, అప్పుడు నాలుగు మూలలా పిన్నీసులు పెట్టాను. అచ్చం నాలాగే ఉంది, తలకాయ ఒక్కటే తక్కువ. తృప్తిగా పడుకున్నాను. ఆ పిన్నీసుల్లో రెండు దిండును కూడా కలిపి గుచ్చుకున్నాయని తెల్లవారుజామున నాలుగున్నరకు తెలిసింది.

రిపోర్టింగ్ టైము ఐదున్నర, ఫ్లాగాఫ్ ఆరు. హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి ఐదుంబావుకే చేరాను. గేటు తీసే మనిషి నాకంటే పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. ఆరింటికి ముఖ్య అతిథి బయల్దేరారని మైకులో చెప్పారు. ఆరున్నరకు కూడా బయల్దేరారనే చెప్పారు. ఈలోపు వార్మప్ అంటూ జుంబా పెట్టారు. తీన్మార్ దరువుకు నాలుగు పాటలు ఎగిరాను. నిజం చెప్పాలంటే నాలో ఉన్న పరుగంతా అక్కడే ఖర్చయిపోయింది.

ఏడూ పదికి అతిథి వచ్చారు. ఎవరో చెప్పను, నిర్వాహకులెవరో కూడా చెప్పను, వచ్చే ఏడు కూడా నాకు టీషర్ట్ కావాలి. ఆయన పదిహేను నిమిషాలు మాట్లాడారు. పరుగు ఆరోగ్యానికి ఎంత అవసరమో చెప్పారు. తాను కూడా రోజూ పరిగెత్తాలని అనుకుంటూ ఉంటానన్నారు. అందరం చప్పట్లు కొట్టాం, ఎందుకంటే అందరిదీ అదే పరిస్థితి.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. ఆయన ఏడున్నరకల్లా కాజీపేటలో ఇంకో రిబ్బన్ కత్తిరించాలి. విజేతకు చెక్కు ఆయన చేతుల మీదుగానే ఇవ్వాలి. విజేత ఇంకా తయారు కాలేదు. స్టేజీ మీద నలుగురు తలలు దగ్గరపెట్టి గుసగుసలాడారు. తర్వాత అందులో ఒకాయన జనం వైపు తిరిగి చూశాడు. ఐదుంబావు నుంచి ముందు వరసలో నిలబడ్డది నేనే.

"సార్, జర మీరు పైకి రాండ్రి."

"నేను గెలవలేదండీ."

"ఇంక ఎవలూ గెలువలేదు సార్."

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. నాలుగడుగుల థర్మకోల్ చెక్కు తెచ్చారు. అంకెల్లో 5,000, అక్షరాల్లో ఐదు వేల రూపాయలు మాత్రమే. పేరు ఉండాల్సిన చోట 'విజేత' అని ఉంది. ఒక కొస ఆయన పట్టుకున్నారు, ఇంకో కొస నేను. ఇటు చూడండి, అటు చూడండి, సార్ నవ్వండి అన్నారు. నవ్వాను. చేతులకు థర్మకోల్ పూసలు అంటుకున్నాయి, ఎంత దులిపినా పోలేదు. ఈ రకంగా పరుగు మొదలు కాకముందే బహుమతి ప్రదానం ఘనంగా ముగిసింది. నా వాదనకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

అయినా జెండా ఊపారు. ఊపితే ఉరకక తప్పుతుందా?

ఈ ఊరి పేరులోనే కొండ ఉంది. పక్కనున్నది ఓరుగల్లు, అంటే ఒంటి రాయి. ఇటు పద్మాక్షి గుట్ట, అటు గోవిందరాజుల గుట్ట, మేం పోవాల్సింది నక్కలగుట్ట వైపు. ఇన్ని గుట్టలూ రాళ్లూ పెట్టుకుని బ్రోచర్‌లో 'చదునైన రూట్' అని అచ్చువేసినవారి గుండె ధైర్యం మెచ్చుకోవాలి. ఇరవై ఏళ్లుగా ఆ రోడ్డు మీద స్కూటర్ నడుపుతున్నాను. అక్కడ ఎక్కుడు ఉందని నా స్కూటర్ ఒక్కరోజు నాకు చెప్పలేదు.

మొదటి రెండు వందల మీటర్లలోనే జనం నన్ను దాటిపోవడం అయిపోయింది. అందరికన్నా ముందు పోయినవాళ్లు పోలీసు ఉద్యోగాల కుర్రాళ్లు. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో చీకటితోనే కనిపిస్తారే, వాళ్లు. 2022 నోటిఫికేషన్ ప్రకారం కానిస్టేబుల్ కావాలంటే మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి. నా వేగంతో లెక్కేసుకుంటే 13 నిమిషాల 7 సెకన్లు వచ్చింది. అంటే ఒక దొంగను పట్టుకోవడానికి నాలాంటి కానిస్టేబుళ్లు ఇద్దరు కావాలి, అదీ దొంగకు నలభై ఐదేళ్లు, షుగరు ఉండాలి.

నేను ఒకటిన్నర కిలోమీటరు దగ్గరుండగా వాళ్లలో ఒకడు అవతలి కొస తాకి తిరిగి నాకే ఎదురొచ్చాడు. సన్నటి పిల్లవాడు. కాళ్లకు తెల్ల కాన్వాసు బూట్లు, ఎడమదానికి బొటనవేలి దగ్గర చిల్లు. బిబ్ రెండు పిన్నీసుల మీదే వేలాడుతోంది, అయినా తిన్నగానే ఉంది, పొట్ట లేదు కదా. నన్ను చూసి, "కొట్టన్నా కొట్టు, అయిపోయింది" అంటూ పోయాడు. అయిపోయింది అతనికి. నాకింకా మూడున్నర ఉంది.

అక్కడినుంచి ఊరంతా నన్ను పట్టించుకోవడం మొదలుపెట్టింది. ఒక ఆటో పక్కనే మెల్లగా వచ్చి, "కాజీపేటా సార్?" అంది. బిబ్ చూపించాను. "కాజీపేటేనా?" అన్నాడు మళ్లీ. మన కుక్కలు ఉరికేవాళ్లను వదలవని పేరుంది కదా, టీకొట్టు ముందు పడుకున్నది ఒకటి తలెత్తి నన్ను చూసి, మళ్లీ కాళ్ల మధ్య తల పెట్టుకుంది. ఆ అవమానం డొక్కలో పోటుకన్నా ఎక్కువ బాధించింది.

ఆ నొప్పిలో మన పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి గుర్తొచ్చింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో పరిగెత్తి కాంస్యం తెచ్చింది. ఆ దూరానికి నాకు 3 నిమిషాల 17 సెకన్లు. ఆమెది పరుగు, మాది ప్రోగ్రాం. రెండింటికీ మెడల్ అనే ఒకే మాట వాడటం భాష చేసిన తప్పు.

ముగింపు గీత చేరేసరికి బ్యానర్ ఒక పక్క తాడు విప్పేశారు. విప్పుతున్న కుర్రాడే ఆ చేత్తో నా మెడలో మెడల్ వేశాడు. ఉప్మా అయిపోయింది, చట్నీ ఉంది. పార్కింగ్ దగ్గర ఒక వింత చూశాను. చేతికి ఖరీదైన వాచీలున్నవాళ్లు పదిమంది, మెడల్స్ మెడలో వేసుకుని, బండ్ల చుట్టూ గుండ్రంగా ఉరుకుతున్నారు. ఏమిటని అడిగితే వాచీ 4.86 చూపిస్తోందట, ఐదు నిండేదాకా ఆగేది లేదట. లేకపోతే యాప్‌లో లెక్క కలవదు. నాది గోడ గడియారం తరం, నేను కూర్చున్నాను. ఒక వాలంటీరు థర్మకోల్ చెక్కు మోసుకొచ్చి, "సార్, ఇది మీదే గదా, మరిచిపోయిన్రు" అని ఒళ్లో పెట్టి పోయాడు. పిలిచేలోపు టెంపో ఎక్కేశాడు.

సోమవారం జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. 'విజేతకు చెక్కు అందజేస్తున్న' అని కింద రాశారు. నవ్వు బాగా వచ్చింది. ఖండించాలనే అనుకున్నాను. కానీ ఆఫీసుకు పోయేసరికి అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఒకసారి కూర్చున్నవాళ్లు లేచాక వాళ్లను నిరాశపరచడం పద్ధతి కాదు. స్వీటు బాక్సులకు 1,200 అయింది. అమ్మ కత్తెరతో ఆ ముక్క కత్తిరించి బీరువా తలుపు లోపలివైపు అంటించింది. చిన్నమ్మకు ఫోన్ చేసి, "తరమకున్నా ఫస్టొచ్చిండే" అంది.

ఇక నా ప్రతిపాదన. పొద్దున్నే ముందు ఉప్మా పెట్టాలి. తర్వాత మెడల్, తర్వాత చెక్కు, తర్వాత ఫొటో. ఎనిమిదిలోపు అందరూ ఇంటికి పోవచ్చు. అప్పటికీ ఉరకాలని పట్టుబట్టేవాళ్లుంటే వాళ్ల సొంత పూచీ మీద ఉరుకుతారు, స్టేడియం గేటు తెరిచే ఉంచాలి. రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం తగ్గించనక్కర్లేదు. దీని మీద సంతకాలు సేకరిద్దామని బుధవారం సాయంత్రం కాగితం తీసి కూర్చున్నాను. గేటు చప్పుడైంది.

తెల్ల కాన్వాసు బూట్లు. ఎడమదానికి చిల్లు.

"అన్నా, గా చెక్కు నీ తాన ఉన్నదట గదా?"

లోపలికి పిలిచాను. డబ్బులు ఇవ్వలేదా అని అడిగాను.

"పైసలు ఫోన్‌కు కొట్టిన్రన్నా, అచ్చినయి. గా పెద్ద చెక్కు కావాలె. మా నాయిన నమ్ముతలేడు. ఫస్టొస్తే పేపర్ల గీ సారు ఫొటో ఎందుకున్నదంటుండు."

అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎంతసేపు అయిందో, ఎంతవరకు విందో తెలియదు. నా వైపు చూడలేదు.

"ఎంతసేపట్ల ఉరికినవ్ బిడ్డా?"

"పద్దెనిమిది నిమిషాలమ్మా."

"ఎవలు తరిమిన్రు?"

అతను నవ్వాడు. "నోటిఫికేషనమ్మా. ఎప్పుడొస్తదో ఏమో."

అమ్మ చాయ్ పెట్టి అతనికి ఇచ్చింది. నాకు ఇవ్వలేదు. నేను ఫ్రిజ్ మీదినుంచి చెక్కు దించి, దుమ్ము తుడిచి, 'విజేత' పక్కన స్కెచ్ పెన్నుతో అతని పేరు, ఊరు రాశాను. అతను చాయ్ తాగినంతసేపూ ఒక కొస పట్టుకుని నిలబడ్డాను. నర్సంపేట బస్సులో ఇంత పొడుగుది పట్టదేమో తమ్మీ అన్నాను.

"పడ్తదన్నా," అన్నాడు, "సీటు మీద దీన్ని పెట్టి నేను నిలవడి పోత."