కోర్సు పూర్తయ్యే దాకా గది

గుంటూరు కొత్తపేట ఆసుపత్రులకు కూతవేటు దూరంలో, బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో సామానుతో సహా రోజు అద్దెకిచ్చే ఫ్లాట్లున్నాయి. ముహూర్తాలు లేని నెలల్లో వాటిలో చాలావాటికి తాళమే. వాటిని ఊళ్ల నుంచి వైద్యానికి వచ్చే పేదలకు ఉచితంగా ఇవ్వాలన్న ఆలోచనను మేం మనసారా సమర్థిస్తున్నాం. 2012లో శాండీ తుపాను న్యూయార్క్‌ను దెబ్బతీసినప్పుడు అద్దె ఇళ్లవారు నిర్వాసితులకు ఇలాగే తలుపులు తీశారు. ఇళ్లను రోజు అద్దెకు ఇప్పించే ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ ఆ పద్ధతిని తర్వాత రోగులకూ వర్తింపజేసింది. మన దగ్గర మొదలుపెట్టేవారికి మా విన్నపం ఒకటే: ఇస్తే చికిత్స కోర్సు మొత్తానికీ ఇవ్వండి.

ఆపరేషన్ రోగికి వార్డులో మంచం దొరుకుతుంది. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం ఆ ఖర్చు చూసుకుంటుంది. రేడియేషన్ రోగి సంగతి వేరు. నోటి క్యాన్సర్‌కు వారానికి అయిదు రోజుల చొప్పున ఆరేడు వారాలు పెడతారు. రోజూ యంత్రం దగ్గర పట్టేది పావుగంటే కాబట్టి చాలామందిని వార్డులో చేర్చుకోరు. మాచర్ల నుంచో వినుకొండ నుంచో పుండ్లు పడ్డ నోటితో రోజూ బస్సులో వచ్చిపోవడం అయ్యే పనికాదు. అలాగని నాలుగు రోజులు మానేస్తే కణితి తిరిగి పుంజుకోవచ్చు. మధ్యలో చికిత్స ఆపేసేవారిలో ఎందరికో అడ్డుపడేది తల దాచుకునే చోటు లేకపోవడమే.

అందుకే రెండు రాత్రుల ఉచిత బస వీరికి అక్కరకు రాదు. 35 డోసులంటే లెక్కకు 7 వారాలు. రక్తకణాలు పడిపోతే ఓ వారం ఆపుతారు, యంత్రం మొరాయిస్తే ఇంకొన్ని రోజులు. గదిని 9 వారాలకు రాసిపెట్టాలి. అయిదో వారంలో పెళ్లి బుకింగ్ వచ్చిందని ఖాళీ చేయిస్తే, ఆ సాయం మొదట్లోనే చేయకపోయినా బాగుండేది. అన్ని వారాలు ఇవ్వలేని యజమాని వేరొకరి ఫ్లాట్‌కు కరెంటు బిల్లో, గ్యాసు బండో కట్టినా మేలే. ఎవరేం కట్టాలో మొదటిరోజే కాగితం మీద ఉండాలి. అడ్వాన్సు అడగకూడదు.

ఇంటి విషయానికొస్తే, లిఫ్ట్ లేకపోతే కింది అంతస్తే ఇవ్వాలి. వెస్టర్న్ కమోడ్ పక్కన గోడలోకి స్క్రూలతో బిగించిన పట్టుకమ్మీ తప్పనిసరి. టవల్ రాడ్ మనిషి బరువు ఆపదు, ఊడి వస్తుంది. బాత్రూం గడియ బయటి నుంచీ తీయగలిగేలా ఉండాలి. ఖాళీ ఇంట్లో ఆపేసిన ఫ్రిజ్‌ను ముందురోజే ఆన్ చేయాలి. తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య, నడిమి అరలో ఉండాలి, గడ్డకడితే పనికిరావు. వంటింట్లో మిక్సీ, వడపోత జల్లెడ ఉంటే జావ, మెత్తటి పప్పన్నం చేసుకుంటారు. తాలింపు ఘాటుకే అల్లాడే గొంతులు కాబట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పనిచేయాలి. ఊపిరితిత్తుల రోగులకు మిర్చి యార్డు పరిసరాల్లో ఇల్లు వద్దు, సీజన్లో అసలే వద్దు.

కీమో ఎక్కించుకున్నాక 48 గంటలు కమోడ్ మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయాలి. ఆ బట్టలు గ్లవ్స్‌తో విడిగా ఉతకాలి. పనిమనిషికి ఈ సంగతి చెప్పకుండా పని చేయించడం అన్యాయం. థర్మామీటర్ గదిలోనే ఉంచాలి. 100.4 డిగ్రీల జ్వరం వస్తే మాత్ర వేసి తెల్లారేదాకా చూడకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. డాక్టర్ నంబరు, 108 గోడ మీద పెద్దక్షరాల్లో అంటించాలి.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల అభ్యంతరాలు రెండు. క్యాన్సర్ అంటుతుందన్న మొదటిది అబద్ధం, ఒక డాక్టర్ సమావేశానికి వచ్చి చెబితే తీరుతుంది. రెండోది ఎవరూ పైకి అనరు: ఇంట్లో ప్రాణం పోతే, అందులోనూ ధనిష్ఠా పంచకంలో పోతే, ఇల్లు నెలల తరబడి మూసేయాలన్న భయం. దీన్ని వెక్కిరిస్తే తలుపులు తెరుచుకోవు. ఈ బస నడవగలిగి, చికిత్సకు వచ్చిపోయే రోగులకేనని, పరిస్థితి విషమిస్తే వెంటనే ఆసుపత్రిలో చేర్చుకుంటామని వైద్యులు రాతపూర్వకంగా ఇవ్వాలి. అప్పుడు యజమాని ఒప్పుకుంటాడు, రోగికీ అదే క్షేమం.

ఇల్లు ఎవరికివ్వాలో యజమాని ఎంచకూడదు. తెలిసినవారి సిఫార్సులకు అది దారి తీస్తుంది. ఆసుపత్రుల్లో వైద్యసేవ పథకం తరఫున రోగులకు సాయపడే ఆరోగ్యమిత్రలు ఇప్పటికే ఉన్నారు. చికిత్స షెడ్యూలు, ఇంటి దూరం, తోడుగా ఉండే మనిషి, ఆధార్ నకలు చూసి వారే పేరు పంపాలి. డోసు వాయిదా పడిన రోజే యజమానికి ఫోన్ చేసే బాధ్యతా వారిదే కావాలి. ఈ పనిని ఆరోగ్యమిత్రల విధుల్లో చేరుస్తూ జిల్లా యంత్రాంగం ఉత్తర్వు ఇవ్వాలని, కొత్తపేట పరిసరాల్లో పది ఫ్లాట్లతో ఈ ఆషాఢంలోనే ప్రారంభించాలని కోరుతున్నాం.