వేదికెక్కితే కపోతం, బాల్కనీకొస్తే పావురం

మహారాజశ్రీ శాంతి కపోతం గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమం, అక్కడ తమరు క్షేమమని తలుస్తాను. అక్కడ అంటే ఎక్కడో కాదు, మా వంటింటి కిటికీ సన్‌షేడ్ మీద.

తమరి హోదా ఏమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. వేదిక మీద కపోతం అంటాం, బాల్కనీలో పావురం అంటాం. శిబి చక్రవర్తి తమరి కోసం తొడ కోసి తక్కెడలో వేశాడని పిల్లలకు కథ చెప్పి, ఆ నోటితోనే వల కట్టేవాడికి ఫోను చేస్తాం. 1949లో పారిస్ శాంతి మహాసభ పోస్టరు మీదకు ఎక్కింది పికాసో గీసిన తమరి బొమ్మే. అంతటి కీర్తి గడించిన వంశం వారు మా హైదరాబాదు మొజంజాహీ మార్కెట్ దగ్గర గింజల కోసం తోసుకుంటుంటే చూడలేకపోతున్నాను.

అసలు సంగతికి వస్తాను. మా అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు పెద్దావిడ రోజూ పొద్దున్నే గుప్పెడు జొన్నలు పిట్టగోడ మీద పోస్తారు. పుణ్యం మూడో అంతస్తులో, రెట్ట రెండో అంతస్తులో. ఓ శుక్రవారం రెండో అంతస్తు బేగం గారు ఉతికి ఆరేసిన తెల్ల దుపట్టా మీద తమరు సంతకం చేశారు. సాయంత్రం సంఘం సమావేశం. మొదటి పావుగంట రెట్ట గురించే మాట్లాడుకున్నాం, అబద్ధమెందుకు. అరగంటకు చర్చ అజాన్ మీదికి, ముప్పావుగంటకు గణపతి మండపం మైకు మీదికి వెళ్లింది. గంట తిరిగేసరికి ‘మీవాళ్లు’, ‘మావాళ్లు’ అనే రెండు మాటలే మిగిలాయి. తమరు మాత్రం ఏసీ డబ్బా మీద కూర్చుని, గొంతు ఉబ్బించి గుర్రుమంటూ, అధ్యక్షత వహించారు.

అప్పుడే మా కార్యదర్శికి ఆలోచన తట్టింది. సామరస్యం కోసం పంద్రాగస్టు నాడు తమరిని ఎగరేయాలట! చప్పట్లు మోగాయి. నేను కూడా కొట్టాను, ఖర్చు సంఘానిదే కదా.

ఈ ఊళ్లో తమరిని పిలవకుండానే పెద్ద పనులు జరిగాయని మాత్రం ఎవరూ గుర్తుచేయలేదు. 2023లో నిమజ్జనం, మిలాద్-ఉన్-నబీ రెండూ సెప్టెంబరు 28నే పడ్డాయి. పెద్దలు కూర్చుని మిలాద్ ఊరేగింపును అక్టోబరు 1కి జరుపుకున్నారు. మరుసటి ఏడు 16న మిలాద్, 17న నిమజ్జనం వస్తే, ఊరేగింపు మళ్లీ 19కి వెళ్లింది. దానికి కావలసింది క్యాలెండరూ, కాస్త ఓపికా. పంజరం కాదు.

మా గొడవ తీరిన తీరు కూడా తమరికి చెప్పాలి. వల కట్టేవాడు వచ్చి ఏసీ డబ్బా వెనక చెయ్యి పెడితే, చీపురుపుల్లలూ ఓ ఇనుప తీగముక్కా అడ్డదిడ్డంగా పేర్చిన తమరి గూడు తగిలింది. (దాన్ని గూడు అనడం మర్యాద కోసమే.) అందులో రెండు గుడ్లు.

“తీసి పారేయనా అమ్మా?” అన్నాడు.

“ఆగు బాబూ” అన్నారు బేగం గారు. పైనుంచి తొంగిచూస్తున్న పెద్దావిడ నోట కూడా అదే మాట.

గుడ్లు పిల్లలు కావడానికి పద్దెనిమిది రోజులు, పిల్లలు ఎగరడానికి మరో నెల. వల వాయిదా పడింది. ఆ నెలన్నరలో జొన్నల గిన్నె డాబా మీద నీళ్ల ట్యాంకు వెనక్కి చేరింది. ఎవరు చెప్పారో, ఎవరు విన్నారో తెలియదు. రెండిళ్లలోనూ పనిచేసేది ఒకే అమ్మాయి కనుక, రాయబారం ఆమే నడిపి ఉంటుందని నా అనుమానం. సంఘం తీర్మానంలో ఆమె పేరు లేదు. రోజూ రెట్ట కడుగుతున్నది కూడా ఆమే. వల ఖర్చు మాత్రం ఇద్దరూ చెరి సగం పెట్టుకున్నారు. చిల్లర దగ్గర చిన్న మాటా మాటా వచ్చిందట, అది వేరే సంగతి.

ఇక పంద్రాగస్టు. కార్యదర్శి సామరస్యం మీద నలభై నిమిషాలు మాట్లాడి, ఎండలో పంజరం తలుపు తీశారు. తమరు అర చుట్టు తిరిగి, నేరుగా వచ్చి రెండో అంతస్తు వల మీద వాలారు.

పైనుంచి పెద్దావిడ, లోపలినుంచి బేగం గారు, ఒకేసారి “హుష్!” అన్నారు.

ఇట్లు,
మొదటి అంతస్తు వాడు