మహారాజశ్రీ ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ గారికి

మాదాపూర్ నుంచి మీ సేవకుడు నమస్కరించి రాయునది. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేము క్షేమంగా లేము. కారణం మీరే: ఒక కాలేజీ ఫీజుల వెబ్‌సైటు మొత్తాన్ని ఒంటరిగా మోసే పీహెచ్‌పీ (వెబ్ పేజీలు తయారుచేసే ప్రోగ్రామింగ్ భాష) ఫైలు మీరు.

మీలో ఏముందో చెప్పడం కన్నా ఏం లేదో చెప్పడం తేలిక. డేటాబేస్ పాస్‌వర్డ్, ఫీజు లెక్క, లేటు రుసుము, కాలేజీ లోగో, బటన్ రంగు, రసీదు కింద ప్రిన్సిపాల్ సంతకం బొమ్మ, అన్నీ మీ కడుపులోనే. టేబుల్‌లో ఒక గడి తెరుస్తారు, ఆ గడిలో నిలబడే డేటాబేస్‌కి క్వెరీ (ప్రశ్న) పంపుతారు, వచ్చిన అంకెని ఎకో చేసి (పేజీలో అచ్చేసి) గడి మూస్తారు. పక్క విద్యార్థికి మళ్లీ అదే తంతు. అరవై మంది క్లాసుకి అరవై క్వెరీలు. ఫీజు కట్టే ఆఖరి రోజున మీరు మంచం పడితే అందరూ పాపం సర్వర్‌ని తిడతారు.

మా డిజైనర్ తమ్ముడిది వరంగల్. బటన్ రంగు మార్చమంటే మిమ్మల్ని తెరిచాడు. వరసగా మూడు మూసే బ్రాకెట్లు కనబడితే ఒకటి ఎక్కువైందనుకుని తీసేశాడు. "అన్నా, రంగు మార్చిన, గంతే. పేజీ మొత్తం తెల్లగైంది" అన్నాడు. వాణ్ణి ఏమనాలి?

మీ వంశాన్ని నేను తప్పుపట్టను. 1994లో రాస్మస్ లెర్‌డార్ఫ్ తన రెజ్యూమేని ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోవడానికి రాసుకున్న చిన్న ప్రోగ్రాములే మీ మూలపురుషులు. 1995లో వాటిని పర్సనల్ హోమ్ పేజ్ టూల్స్ అని లోకం మీదికి వదిలాడు. సొంత పేజీ మధ్యలో చిటికెడు ప్రోగ్రాం వేసుకోవడం హాయైన పనే. ఆ హాయికి అలవాటుపడి మీరు ఒక కాలేజీ ఖజానా మొత్తం మింగి కూర్చున్నారు.

అసలు సంగతికొస్తాను. మీకు నోరు ముందు, బుర్ర తర్వాత. ఆ మధ్య ఓ తండ్రి ఫీజు కట్టబోయాడు. మీరు పైన పచ్చరంగులో "చెల్లింపు విజయవంతం" అని ప్రింటు చేసి, ఆ తర్వాత తాపీగా కిందికెళ్లి బ్యాంకు జవాబు చదివారు. బ్యాంకు కాదంది. అప్పుడు ఆయన్ని వేరే పేజీకి పంపించాలనుకున్నారు. ఎలా పంపుతారు? పేజీలో ఒక్క అక్షరం బయటికెళ్లినా దాని ముందు హెడర్లు (పేజీ కన్నా ముందు బ్రౌజర్‌కి వెళ్లే సూచనలు) వెళ్లిపోతాయి, ఇక దారి మళ్లించే వీలుండదు. "హెడర్స్ ఆల్రెడీ సెంట్" అని పచ్చరంగు కిందే మీ ఏడుపు. ఆ తండ్రి రెండూ కలిపి స్క్రీన్‌షాట్ తీసి పంపాడు.

తెలుగు పేజీ పెట్టినప్పుడు ఇంకో వింత. పాత నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాల్నీ దాచగల పద్ధతి) అని సేవ్ చేస్తే ఫైలు మొదట్లో కంటికి కనబడని మూడు బైట్లు చేరేవి. మీరు వాటినీ పేజీలో భాగమనుకుని బయటికి పంపేశారు. మొదటి లైను ముందు ఏమీ లేదు, అయినా హెడర్స్ ఆల్రెడీ సెంట్! ఆఫీసులో ఒకాయన ఇది తెలుగు ఫాంటు దోషమని తేల్చేశాడు. చివరికి ఎవరో సర్వర్ సెట్టింగుల్లో అవుట్‌పుట్ బఫరింగ్ ఆన్ చేసి, మీ మాటల్ని లోపలే ఆపి ఉంచారు. రోగం అక్కడే ఉంది.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఎవర్ని నిద్రలేపి అడిగినా ఎంవీసీ (మోడల్, వ్యూ, కంట్రోలర్: డేటా, కనబడే పేజీ, వాటిని నడిపే భాగం వేరువేరుగా ఉంచే పద్ధతి) మూడు డబ్బాలు గీసి చూపిస్తారు. 1979లో జెరాక్స్ కంపెనీ పరిశోధనశాల 'పార్క్'లో ట్రిగ్వే రీన్‌స్కాగ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త చెప్పిన ముచ్చట అది. ఇంటర్వ్యూలో గీసి ఉద్యోగం కొట్టి, సోమవారం వచ్చి మీ ముందు కూర్చుంటారు.

టెంప్లేట్ (పేజీ రూపం) వేరే ఫైల్లో పెడితే చాలనేవాళ్లూ ఉన్నారు. ఆ పనికే స్మార్టీ అనే సాధనం వచ్చింది, దాని లోపలా పీహెచ్‌పీ రాసుకునే ట్యాగు ఇచ్చారు. తర్వాత వాళ్లే వద్దన్నారు. నా మటుకు నాకు ఫైళ్లెన్నో అనవసరం. బాకీ ఎంత, బ్యాంకు ఏమంది, ఈ మనిషిని ఎక్కడికి పంపాలి, ఇవన్నీ తేలేదాకా మీరు ఒక్క అక్షరం పలకొద్దు. తేలాక ఆ వివరాలు ఒక అర్రేలో (జాబితాలో) పెట్టి, పేజీ గీసే కింది భాగానికివ్వండి. అక్కడ లూప్ (ఒకే పని మళ్లీ మళ్లీ చేయించేది) ఉండనీ, ఇఫ్ (షరతు) ఉండనీ. బాకీ ఉంటే ఎర్రగా చూపించడం ఆ భాగం పనే, పేర్లు హెచ్‌టీఎమ్‌ఎల్‌ని చెడగొట్టకుండా ఎస్కేప్ చేయడమూ దాని పనే. క్వెరీ మాత్రం అక్కడ కనబడకూడదు.

ఈలోగా ఓనరుగారు యాప్ కావాలన్నారు. యాప్‌కి జేసన్ (ప్రోగ్రాములు తేలిగ్గా చదువుకునే డేటా రూపం) కావాలి, మీరేమో టేబుల్ తప్ప ఇంకోటి ఇవ్వరు. యాప్ రాసే కుర్రాడు మీ టేబుల్ నాలుగో గడిలోంచి బాకీ అంకె గీక్కుని వాడుకుంటున్నాడని నిన్ననే తెలిసింది. కాబట్టి ఆ కాలమ్ ఇక కదపకూడదట. ఆ మాట డిజైనర్ తమ్ముడికి చెప్పే పని నాకప్పగించారు.

ఇట్లు,
మీ మెయింటెనెన్స్ వాడు