వేలిముద్ర మిషను గారికి ఒక చేవ్రాలు

మహారాజశ్రీ వేలిముద్ర మిషను గారి దివ్య సముఖమునకు,

నమస్కారాలు. తమరు కుశలమని తలుస్తాము. నిన్న మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడున్నర దాకా తమరి గాజు మీద రేషను కోసం వచ్చిన ఒక అవ్వ కుడి బొటనవేలు పదమూడుసార్లు సాష్టాంగపడింది. చూపుడు వేలు ఆరుసార్లు, మధ్యవేలు నాలుగుసార్లు. ఎడమచేతి లెక్క వదిలేశాం. ప్రతిసారీ తమరు ఎర్రదీపం వెలిగించి "300" అని సెలవిచ్చారు. అది ఆధార్ భాషలో ఒక మాట. "ఈ వేలు మా లెక్కలో ఉన్న వేలు కాదు" అని దాని అర్థం.

"తలకి రుద్ది పెట్టవ్వా" అన్నాడు ఆపరేటరు. రుద్దింది. "గట్టిగా నొక్కు." నొక్కింది. "అంత గట్టిగా కాదవ్వా." తీసింది. "ఎందుకు తీశావు?"

లోగుట్టు పెరుమాళ్ళకెరుక అంటారు గానీ, తమరి లోగుట్టు మాకూ కొంత తెలుసు. గాజు కింద దీపం ఉంటుంది. వేలిగీత ఆనినచోట వెలుతురు వేలిలోకి జారిపోయి నల్లగా పడుతుంది, గీతకీ గీతకీ మధ్య గాడిలో గాలి ఉంటుంది గనక అక్కడ వెలుతురు వెనక్కి తిరిగొచ్చి తెల్లగా పడుతుంది. ఆ బొమ్మలో గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది అని చుక్కలు ఏరుకుని, ఎప్పుడో ఆధార్ తీసిన నాటి చుక్కలతో సరిచూస్తారు. వేలు ఎండిపోయి ఉంటే గీత గాజుకి పూర్తిగా ఆనదు, ముక్కలు ముక్కలుగా పడుతుంది. తెగిన ప్రతిచోటా తమరికి ఒక కొత్త చుక్క దొరుకుతుంది, లెక్క తప్పుతుంది. తడిగా ఉంటే గాళ్ళు నిండిపోయి మచ్చ పడుతుంది. గట్టిగా అదిమితే గీతలన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. తలకి రుద్దమనేది ఆ కాస్త జిడ్డు కోసమే. రుద్దడానికి తలకి నూనె ఉండాలి గదా.

తమరు కొలువున్న ఊళ్ళలో చేతులు ఏం పని చేస్తాయో తమరికి ఎవరూ చెప్పినట్టు లేదు. కలిగిరి, కొండపి, పొదిలి వైపు పొగాకు. పచ్చాకు రెలిచి, కర్రలకి అల్లి, బ్యారన్‌ అనే వేడి కొట్టంలో కాల్చిన ఆకును మళ్ళీ కూర్చుని గ్రేడింగ్ చేసే ఆడవాళ్ళ వేళ్ళు చూశారా ఎప్పుడైనా? పచ్చాకు జిగురు వేలికి నల్లగా పట్టుకుంటుంది. సబ్బుకి పోదు. గీతల మధ్య గాళ్ళలో కూర్చుంటుంది, సరిగ్గా తమరు తెల్లగా చూడాలనుకునే చోట. అది పూర్తిగా వదిలేలోపు మళ్ళీ సీజను వస్తుంది. ముప్పయ్యేళ్ళు ఆ పని చేశాక జిగురు లేకపోయినా గీతలు మిగలవు. నెల్లూరు దగ్గర రొయ్యల తలకాయలు తీసే చేతులు గంటలకొద్దీ ఐసునీళ్ళలో నాని ముడతలు పడి వస్తాయి. చీమకుర్తి రాళ్ళ పాలిషు, మార్కాపురం పలకలు, గూడూరు నిమ్మతోటల ముళ్ళు, ఏ పనిలోనూ వేలు వేలుగా మిగలదు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్న కొత్త కోడళ్ళని కూడా తమరు వదల్లేదు.

అసలు చేయాల్సింది పెద్ద పనేం కాదు. గోరువెచ్చని నీళ్ళతో చెయ్యి కడిగి, పూర్తిగా తుడిచి, కొబ్బరినూనె ఒక్క చుక్క రాసి మళ్ళీ తుడవాలి. గాజుని ప్రతి పది మందికోసారి మెత్తటి గుడ్డతో తుడవాలి, లేకపోతే ముందరివాడి ముద్ర మీద వెనకవాడి ముద్ర పడుతుంది. బల్లని ఎండలోంచి నీడకి జరపాలి, ఎండ గాజు మీద పడితే తమరికి కళ్ళు బైర్లు కమ్ముతాయి. వేలి కొన కాదు, మధ్యభాగం, సుడి ఉన్నచోటు ఆనాలి. బొటనవేలు పడకపోతే ఉంగరపు వేలు చూడాలి, పని తక్కువ చేసే వేళ్ళలో అదొకటి, గీతలు దానికి కాస్త మిగిలి ఉండొచ్చు. కేబులు వదులైందేమో చూడాలి. ఇవన్నీ చేశాక కూడా 300 వస్తే ఆధార్ కేంద్రానికి పోయి ముద్రలు కొత్తగా తీయించుకోవాలి. నిన్న బల్ల ఎండలో ఉంది. గుడ్డ లేదు.

వేలు కాకపోతే ఓటీపీ ఉందిగా అంటారు. ఆ నంబరు మనవడి దగ్గరుంది, మనవడు చెన్నైలో డ్యూటీలో ఉన్నాడు, ఫోను గేటు దగ్గర జమ చేశాడు. ముఖం ఉందిగా అంటారు. ముఖం చూసే యాప్ కళ్ళు ఆర్పమంటుంది, శుక్లాల కన్ను ఎప్పుడు ఆర్పిందో దానికి తెలియదు.

ఈమధ్య మీరు ఎల్‌1 అని కొత్త అవతారం ఎత్తారు. ముద్రని పెట్టెలోనే తాళమేసి పంపుతారట. తాళం భేషుగ్గా ఉంది, లోపలికి ముద్ర పడితే గదా. అంత కాపలా ఎందుకొచ్చిందో కూడా అందరికీ తెలుసు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది ముద్రలు చూసి రబ్బరు వేళ్ళు పోతపోసి జనం ఖాతాల్లో డబ్బు లాగారు. వేలికి ప్రాణముందో లేదో తేల్చడానికి చుక్కలతోపాటు వేలి బొమ్మనీ కలిపి చూసే పద్ధతి 2023లో గానీ రాలేదు. ప్రాణమున్న అవ్వని గుర్తుపట్టరు, రబ్బరు వేలికి మాత్రం డబ్బులిచ్చి పంపారు!

ఆధార్‌తో డబ్బు తీసేటప్పుడు ఖాతాలో తెగి చేతికి రాకపోతే అయిదు రోజుల్లో తిరిగి వేయాలని, ఆలస్యమైతే రోజుకి ₹100 చొప్పున ఇవ్వాలని 2019లో రిజర్వు బ్యాంకు రాసిపెట్టింది. ఆ వంద అడిగినవాళ్ళని మేమింకా చూడలేదు.

ఇదంతా పక్కన పెట్టండి. మాకు మింగుడుపడనిది వేరే ఉంది.

ఈ నెల్లూరు జిల్లాలో "వేలిముద్రగాడు" అనేది తిట్టు. చదువురానివాణ్ణి అట్టా అనేవాళ్ళు. ఆ తిట్టు పడలేక, 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు, పగలంతా కూలికి పోయిన ఆడవాళ్ళు రాత్రి బళ్ళలో లాంతరు ముందు కూర్చుని పలక పట్టారు. ఆ బళ్ళలో చదివిన చదువే దూబగుంటలో సారా అంగడి మూయించింది. 1992లో అక్కడ రాజుకున్న నిప్పు ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం దాకా పోయింది. నిన్న నీ ముందు కూర్చున్న అవ్వ ఆ బళ్ళలో సంతకం నేర్చుకుంది. అయిదు అక్షరాలు. చివరి మకి కొమ్ము కాస్త పొడుగు. పొదుపు సంఘం పుస్తకంలో, బ్యాంకు ఫారం మీద, బిడ్డ పెళ్ళి శుభలేఖ రసీదు మీద పెట్టింది ఆ సంతకం. ఎవడూ ఇది నీది కాదని అనలేదు.

నువ్వొచ్చావు. కలెక్టరు నుంచి కూలి దాకా అందరినీ వేలిముద్రగాళ్ళని చేశావు. సరే, సమానత్వం అనుకుందాం. కానీ సంతకం రానివాళ్ళకోసం పుట్టిన నిశానీని సంతకం వచ్చినవాళ్ళకి అంటగట్టి, ఆ నిశానీ కూడా చెల్లదని చెప్పడానికి నీకు నోరెట్టా వచ్చింది? వేలు పడలేదని, నెట్ లేదని, కరెంటు లేదని రేషను ఆపొద్దని, పుస్తకంలో రాసుకుని ఇవ్వమని 2017 అక్టోబరు 24న నిన్ను నడిపే సంస్థే సర్క్యులర్ ఇచ్చింది. ఆ పుస్తకం ఏ డీలరు దగ్గరుందో చూపించు. నిన్న ఆపరేటరుని అడిగితే "సిస్టం తీసుకోదు" అన్నాడు. సిస్టమంటే నువ్వేగా!

కుడిచేతికి ఇరవైమూడోసారి ఎర్రదీపం వెలిగాక అవ్వ చెయ్యి చీరకొంగుకి తుడుచుకుంది. "పెన్నియ్యి నాయనా, సంతకం పెడతా" అంది. ఆపరేటరు జేబులో పెన్నుంది. నీ దగ్గర గీత గీసే చోటు లేదు.

రేపు పొద్దున్నే ఎనిమిదింటికి రమ్మన్నారు, ఎండెక్కకముందు. వస్తుంది. రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకోమని, ఉంగరపు వేలు పెట్టమని చెప్పాం. నీడలో కూర్చో. గాజు తుడిపించుకో.

ఇట్లు,
(చేవ్రాలు, నిశానీ కాదు)