చేసుకున్నవాడికి చేసుకున్నంత

గత ఆదివారం నుంచి నేను డిజైనర్‌ని. చదువు, అనుభవం లాంటివేవీ అడ్డు రాలేదు. బూట్లు కొందామని వెబ్‌సైట్ తెరిస్తే "మీ బూటు మీరే డిజైన్ చేసుకోండి" అని ఉంది. చేసుకున్నాను.

తెర మీద ఓ తెల్ల బూటు గాల్లో తిరుగుతూ ఉంటుంది. వేలితో తోస్తే మడమ చూపిస్తుంది, ఇంకాస్త తోస్తే అడుగు. మొత్తం తొమ్మిది భాగాలు, ఒక్కోదానికి ఎనిమిది రంగులు. హెచ్చవేసి చూస్తే 13 కోట్ల 42 లక్షల పైచిలుకు బూట్లు! అందులోంచి ఒక్క జత తేల్చే భారం నా నెత్తిన పెట్టి కంపెనీవాళ్లు హాయిగా నిద్రపోయారు. లేసు దూరే కన్నం చుట్టూ ఒక చిన్న రింగు ఉంటుంది చూడండి, అది ఏ రంగులో ఉండాలన్న ప్రశ్న నా జీవితంలో మొదటిసారి ఎదురైంది. నలభై నిమిషాలు పట్టింది. ఇంట్లోవాళ్లు రెండుసార్లు వచ్చి ఒంట్లో బాగుందా అని అడిగి వెళ్లారు.

నా కుడిపాదం కాస్త వెడల్పు. ఆ మాట చెప్పుకునే బటన్ మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. సోలు వెడల్పు చేయాలంటే వేరే అచ్చు చేయించాలి, అది ఖర్చు. రంగు మార్చడం చవక. కాబట్టి ఫ్యాక్టరీకి ఏది సులువో అదే నా అభిరుచి అన్నమాట. మడమ మీద పేరు కూడా వేస్తామన్నారు. తెలుగులో కొడితే వరసగా ఐదు ఖాళీ డబ్బాలు వచ్చాయి. ఇంగ్లిష్‌లో కొడితే ఎనిమిదో అక్షరం దగ్గర పేరు తెగిపోయింది.

నలుపైతే చాలు, ఏ రంగైనా ఇస్తానన్నాడని హెన్రీ ఫోర్డ్‌ని ఇప్పటికీ ఆడిపోసుకుంటాం. నిజానికి 1908లో మోడల్ టీ కారు వచ్చినప్పుడు వేరే రంగులూ ఉండేవి. నలుపొక్కటే అన్నది 1914 నుంచి. జనాల టైమ్ మీద ఆయనకు అంత గౌరవం ఉందని నాకిప్పుడు తెలిసింది. ఎందుకంటే గంటన్నర మేధోమథనం తర్వాత నేను తేల్చిన డిజైన్ ఇదీ: పైన నలుపు, పక్కల నలుపు, లేసు నలుపు. రింగులు మాత్రం ముదురు బూడిద. అక్కడ రాజీ పడలేదు.

డిజైనర్‌కి జీతం ఇవ్వడం లోకరీతి. ఇక్కడ డిజైనరే మామూలు జత కంటే ఎక్కువ కట్టి మరీ పని చేసిపెట్టాడు.

బూట్లు వచ్చాయి. కుడిది కరుస్తోంది. మార్చమంటే "మీరు స్వయంగా డిజైన్ చేసుకున్నవి వెనక్కి తీసుకోం" అన్నారు.

అయినా వాటిని తిట్టడానికి నోరు రావడం లేదు. దీని మీద 2012లో ఒక అధ్యయనం కూడా వచ్చింది. కాగితం బొమ్మలు మడిచినవాళ్లు తమ వంకర బొమ్మలకు, నిపుణులు మడిచినవాటితో దాదాపు సమానంగా వెల కట్టారట. కాకిపిల్ల కాకికి ముద్దు అని మనవాళ్లు ఏ ప్రయోగమూ చేయకుండానే తేల్చేశారు.

నిన్న కంపెనీ నుంచి మెయిల్: "మీ డిజైన్ మీకు ఎలా అనిపించింది?" కుంటుకుంటూ వెళ్లి ఐదు స్టార్లూ ఇచ్చాను. కింద చిన్న కామెంట్ కూడా రాశాను, రింగుల రంగు ఎంపిక అద్భుతమని.