మాస్టారి దెబ్బ వేరు, చదువు వేరు

పర్లాకిమిడిలో మాకు పద్యనాటకం నేర్పిన మాస్టారు పోయాక సంతాప సభ పెట్టాం. అందరూ ఆయన కొట్టిన దెబ్బల గురించే మాట్లాడారు, నవ్వుతూనే. "ఆ దెబ్బలే మనల్ని మనుషుల్ని చేశాయి" అని ఎవరో అంటే చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట మింగుడుపడలేదు.

ఆయన మాకు ఇచ్చిందేమిటో తెలియాలంటే మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు కలిసింది. మాకు ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. తెలుగు చదవడం రాక పద్యాలను ఒడియా అక్షరాల్లో రాసుకునేవాళ్లం. చిక్కంతా అక్కడే. ఒడియా లిపిలో ఎ, ఏలకు వేరే అక్షరాలు లేవు. ఒ, ఓలకూ అంతే. 'నెల' రాసినా 'నేల' రాసినా కాగితం మీద ఒకటే. మామూలు మాటల్లో సర్దుకుపోవచ్చు గానీ, పద్యంలో గురువు అనే పొడుగు అక్షరం, లఘువు అనే పొట్టి అక్షరమైపోతే నడక విరిగిపోతుంది. ఉత్పలమాల పాదం గురువుతో మొదలవుతుంది, మేం ఎత్తుకోవడమే కుంటుతూ ఎత్తుకునేవాళ్లం.

మాస్టారు ఆ కాగితాలు లాక్కుని చింపేసేవారు. "చెవితో నేర్చుకోండిరా గుంటల్లారా" అనేవారు. హార్మోనియం మీద శ్రుతి పట్టి, ఒక్కో పాదం నోటికి పట్టేదాకా చెప్పించేవారు. ముందు అర్థం తెలిసేలా పలకాలి, రాగం తర్వాత. వన్స్‌మోర్ కోసం ఆలాపన సాగదీసే నటులంటే ఆయనకు ఒళ్లుమంట. నాకు తెలుగు చెవి ద్వారానే వచ్చింది, అక్షరాలు ఎప్పటికో వచ్చాయి. ఇందులో బెత్తం చేసిన పని ఎంత వెతికినా కనబడదు.

ఇంకో వింత. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి దశాబ్దాల పాటు పాఠాలు చెప్పిన ఊరు మాది. అదే ఊళ్లో "ఏమిటి" అనకుండా మా యాసలో "ఏటి" అన్నవాణ్ని మాస్టారు అందరి ముందూ వెక్కిరించేవారు. రాయబారం సీనులో కృష్ణుడు "ఏటి బావా" అనకూడదు, ఒప్పుకుంటాను. టీ తాగేటప్పుడు కూడానా?

మాలో ఒకడి గొంతు అందరికన్నా మేలు. ఒక పాదం మూడుసార్లు తప్పాడని మాస్టారు మొహం మీద కొట్టారు. మర్నాటి నుంచి వాడు రిహార్సల్‌కి రాలేదు. మేం నిలబడ్డాం కాబట్టి దెబ్బల్ని ముచ్చటగా చెప్పుకుంటున్నాం. అలా వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో మేమెవరం లెక్కపెట్టలేదు, సభకు పిలవనూ లేదు.

సభ మర్నాడు వాడి కిరాణా కొట్టుకి వెళ్లాను. మాస్టారు పోయారని చెప్పాను. ఏమీ అనలేదు. కందిపప్పు తూస్తూ, ఆ రోజు తప్పిన పాదం మెల్లగా ఎత్తుకున్నాడు. ఒక్క అక్షరం తప్పలేదు. పొట్లం నా చేతిలో పెట్టి, "ఇంకేటి కావాలి?" అన్నాడు.