క్లాప్ బోర్డుకు పూలదండ

మన సినిమావాళ్లకు క్లాప్ బోర్డంటే ఎంత భక్తో తెలియాలంటే ముహూర్తం రోజున చూడాలి. దానికి పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, మల్లెదండ చుడతారు. మర్నాడు పేపర్లో ‘దేవుడి పటాలపై చిత్రీకరించిన ముహూర్తపు సన్నివేశానికి ఫలానావారు క్లాప్ కొట్టగా, ఫలానావారు కెమెరా స్విచాన్ చేశారు’ అని వస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ వాక్యంలో పేర్లు మారాయి గాని, క్రియలు మారలేదు.

డాక్యుమెంటరీవాళ్లం మనమేం తక్కువ తిన్నామా? మొన్న నా దగ్గరికి ఎడిటింగ్‌కి వచ్చిన హార్డ్‌డిస్కులో 118 వీడియో క్లిప్పులు, 23 ఆడియో ఫైళ్లు ఉన్నాయి. బొమ్మ కెమెరాలో, మాట రికార్డర్‌లో విడివిడిగా పడతాయి కాబట్టి, పెదవికి మాటని కలపడానికి (అదే లిప్ సింక్‌కి) గుర్తు ఈ క్లాపే. అది మాత్రం ఒక్కటే ఉంది. అదీ వినాయకుడి పటం మీద. వినాయకుడికి లిప్ సింక్ అక్కర్లేదన్న సంగతి ఆ యూనిట్‌లో ఎవరికీ తట్టినట్టు లేదు.

మిగతా నాలుగు రోజులూ ఎందుకు కొట్టలేదయ్యా అని డైరెక్టర్‌ని అడిగాను. “న్యాచురాలిటీ పోతుందన్నా” అన్నాడు. నిజమే. ఒక నేతపని తాత ఇంట్లో రెండు లైట్లు, మూడు ట్రైపాడ్లు, నట్టింట్లో ఐదుగురు అసిస్టెంట్లు, ఇంటిమీద డ్రోన్ గిరికీలు. వీటన్నిటికీ చెక్కుచెదరని న్యాచురాలిటీ రెండు అరచేతులు ఒక్కసారి కలిస్తే మాత్రం హరీమంటుంది.

మనిషి హఠాత్తుగా మాట్లాడ్డం మొదలుపెడితే మధ్యలో కొట్టలేం, ఒప్పుకుంటాను. దానికే ఎండ్ క్లాప్ ఉంది. అంతా అయ్యాక బోర్డు తలకిందులుగా పట్టుకుని కొడతారు. బోర్డు లేకపోతే చప్పట్లు. చప్పట్లకూ నామోషీ అయితే కెమెరాకి కనపడేలా మైకు మీద వేలితో ఒక్క తట్టు. బొమ్మలో వేలు తగిలిన ఫ్రేమునీ, ఆడియోలో గీత ఎగిసిన చోటునీ ఒకదానికింద ఒకటి పెడితే పని అయిపోతుంది. మా వాళ్లకి అంతకంటే తేలికైన ఉపాయం ఉంది: “ఎడిటింగ్‌లో చూసుకుందాం.”

“సాఫ్ట్‌వేర్ సింక్ చేసేస్తుంది కదన్నా” అని కూడా అన్నాడు. చేస్తుంది. కెమెరాలో పడ్డ శబ్దాన్నీ రికార్డర్‌లో పడ్డ శబ్దాన్నీ పోల్చి కలుపుతుంది. అందుకు ముందు కెమెరాలో శబ్దమంటూ పడాలి. రెండో కెమెరాలో మైకు ఆపేశారు, కార్డులో చోటు కలిసొస్తుందని. ఇక మొదటి కెమెరా.

మీరెప్పుడైనా మగ్గాల వీధిలో నిలబడ్డారా? మగ్గంలో అడ్డంగా దారం మోసే నాడె అటు పోతే టక్, ఇటొస్తే టక్. పక్కింట్లో టక్. ఎదురింట్లో టకటక. సాఫ్ట్‌వేర్‌కి ఏ టక్కయినా ఒకటే. నేనడిగింది ఒక్క క్లాపు, వాళ్లు పంపింది రెండు గంటల క్లాపులు. అది మహా నమ్మకంగా ‘సింక్ పూర్తయింది’ అంది. ప్లే చేశాను. తాత నోరు మూసుకుని దారం ముడేస్తున్నాడు, ఆయన గొంతు మాత్రం చీర ధర చెబుతోంది. ఒక టక్కు వెనక్కి జరిపాను. ఇప్పుడు తాత మాట్లాడుతున్నాడు, వినపడేది మేక. ఇంకో టక్కు ముందుకి. తాత నవ్వుతున్నాడు, దగ్గు వినిపిస్తోంది.

చివరికి హైస్కూలు వ్యాకరణమే శరణ్యమైంది. ప, ఫ, బ, భ, మ. ఓష్ఠ్యాలు. పెదవులు కలవనిదే పలకవు. తాత ‘మగ్గం’ అన్నాడంటే ఆ క్షణాన పెదవులు కలిసి తీరాలి, అక్కడ పట్టుకోవచ్చు. కానీ తాతకి గుబురు మీసం. దానికితోడు మా కెమెరామన్‌కి కళాపోసన ఎక్కువ. కిటికీ వెలుగు వెనక పెట్టి మొహాన్ని చీకటి చేశాడు. రెండో యాంగిల్ వీపు వెనక నుంచి. వీపుకి ఓష్ఠ్యాలుండవు.

పోనీ మొదట్లో కలిపేశాం అనుకోండి, చివరిదాకా కలిసుంటుందా? కెమెరా గడియారం వేరు, రికార్డర్ గడియారం వేరు. రెండింటికీ లక్షకి రెండు పాళ్లు తేడా ఉన్నా గంటకి 72 మిల్లీసెకన్లు జారుతుంది. సెకనుకి 25 ఫ్రేముల లెక్కన దాదాపు రెండు ఫ్రేములు. రెండు ఫ్రేములకే ఇంత గోలా అనకండి. చాకిరేవు అవతలి గట్టున నిలబడితే బట్ట బండకి తగిలాక చప్పుడొస్తుంది, మనకది వింతేం కాదు. తగలకముందే చప్పుడొస్తే? అందుకే మాట 125 మిల్లీసెకన్లు వెనకబడితే గాని పట్టుబడదు, 45 ముందుకొస్తే చాలు దొరికిపోతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్క కట్టింది. 1960ల మొదట్లో అమెరికాలో డాక్యుమెంటరీలు తీసే రిచర్డ్ లీకాక్ బృందం కెమెరానీ టేప్ రికార్డర్‌నీ ఒకే వేగంతో నడపడానికి చేతిగడియారంలో ఒకే లయతో కంపించే ట్యూనింగ్ ఫోర్క్‌ని వాడుకుంది. మావాళ్ల చేతులకీ గడియారాలున్నాయి. లంచ్ ఎప్పుడో చూసుకోవడానికి.

సరే, ఇంతవరకూ నవ్వుకుందాం. డైరెక్టర్ చెప్పిన పరిష్కారం వినండి. “పోనీలే అన్నా, తాతని హైదరాబాద్ పిలిపించి డబ్బింగ్ చెప్పిద్దాం. రాలేనంటే మంచి వాయిస్ ఆర్టిస్టున్నాడు.”

ఆ క్లిప్పులో తాత ఏం చెబుతున్నాడో నువ్వు విన్నావా? అప్పులవాళ్లు వచ్చిపోయిన రాత్రి తమ్ముడు ఏమైపోయాడో చెబుతున్నాడు. “మావాడు...” అని ఆగిపోయాడు. పదకొండు సెకన్లు. ఎదురింటి మగ్గం ఆడుతూనే ఉంది. తర్వాత “పొద్దున తలుపు తీస్తే” అన్నాడు. ఆ పదకొండు సెకన్లని ఏసీ గదిలో ఎవడు పలుకుతాడురా? మాటకీ పెదవికీ పొత్తు కుదరకపోతే చూసేవాడు ఎందుకో చెప్పలేడు గాని, ఎదుటి మనిషిని నమ్మడు. ఇన్నేళ్లకి నోరు విప్పిన మనిషిని అబద్ధాలకోరులా నిలబెట్టావు. డ్రోన్‌కి డబ్బులున్నాయి నీ దగ్గర. సౌండ్ రికార్డిస్టుకి లేవు. కారు డ్రైవర్ చేతిలో రికార్డర్ పెట్టి ఎర్ర బటన్ నొక్కమన్నావు. పాపం, ఆయన నొక్కాడు. మీ యూనిట్ మొత్తంలో తన పని చేసింది ఆయనొక్కడే.

ఆ క్లిప్పుని చివరికి కాపాడింది ఒక దోమ. ముప్పై ఏడో నిమిషంలో తాత ముక్కు దగ్గర తచ్చాడింది. ఆయన మాట ఆపకుండానే రెండు చేతులూ ఎత్తి ఫట్‌మని కొట్టాడు. మొహం చీకట్లో ఉంటేనేం, చేతులు కిటికీ వెలుగులోకి వచ్చాయి. అదీ సరిగ్గా రెండు టక్కుల మధ్య. ఇంత శుభ్రమైన క్లాపు పెద్ద బ్యానర్లలో కూడా చూడలేదు నేను. అక్కణ్ణుంచి అటూ ఇటూ ముక్కలు కోసి, ఒక్కో ఫ్రేమూ జరుపుకుంటూ వెళ్తే తాత మాట తాతకి దక్కింది.

టైటిల్స్‌లో కృతజ్ఞతల దగ్గర దోమని కూడా వేద్దామని డైరెక్టర్‌కి ఫోన్ చేశాను. జోకనుకుని గట్టిగా నవ్వాడు.

“అది సరేగాని అన్నా, శుక్రవారం మన కొత్త ప్రాజెక్టు ముహూర్తం. నువ్వు తప్పకుండా రావాలి. క్లాప్ నువ్వే కొట్టాలి.”